పెళ్లి పట్టు, రోజువారీ నేత: చీరల ఎంపిక, కట్టుపై తరచుగా అడిగే ప్రశ్నలు

ముహూర్తం పెట్టుకోగానే ఇంట్లో మొదలయ్యే మొదటి లెక్క బట్టలదే. ఎన్ని చీరలు, ఏ ఊరివి, జాకెట్లు ఎవరు కుడతారు, పెళ్లికొడుక్కి పంచె ఎవరు కడతారు అనే ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పెళ్లి కోసం కొన్న చీర పెళ్లితోనే ఆగిపోకూడదన్నది నా గట్టి అభిప్రాయం. కింది జవాబులన్నీ ఆ దృష్టితోనే రాశాను. కొనేముందు "దీన్ని మళ్లీ ఎప్పుడు కడతాను?" అని ఒక్కసారి అడిగి చూసుకుంటే సగం సందేహాలు దుకాణంలోనే తీరిపోతాయి.

పెళ్లికూతురికి ఎన్ని పట్టుచీరలు కొనాలి?

చీరల లెక్క కన్నా ముందు కార్యక్రమాల లెక్క వేయండి. పెళ్లికూతుర్ని చేసే రోజు, గౌరీపూజ, ముహూర్తం, అప్పగింతలు, సత్యనారాయణ వ్రతం, రిసెప్షన్ అనుకుంటే ఆరు సందర్భాలు. ఆరింటికీ ఆరు భారీ పట్టుచీరలు అక్కర్లేదు. మంగళస్నానానికి పసుపు, నలుగు, నీళ్లు తప్పవు కాబట్టి ఉతకడానికి వీలైన నేత చీర చాలు. గౌరీపూజకు తేలికపాటి పట్టు. ఇంట్లో అందరూ మెచ్చిన ఒకే ఒక్క భారీ పట్టు ముహూర్తానికి ఉంచండి. వ్రతానికి గద్వాల చీర చక్కగా నప్పుతుంది. రిసెప్షన్‌కు మీకు నచ్చింది కట్టండి, ఆ వేళ సంప్రదాయం పట్టింపు తక్కువ.

మిగిలిన డబ్బుతో నాలుగు మంచి నేత చీరలు తీసుకుంటే కొత్త కాపురంలో నిజంగా పనికొచ్చేవి అవే.

ముహూర్తం చీర ఎంచుకునేటప్పుడు అందరూ మరిచిపోయేది ఏమిటి?

కూర్చోవడం. దుకాణంలో చీరను భుజం మీద వేసి నిలువుటద్దంలో చూపిస్తారు. పెళ్లిలో మాత్రం పెళ్లికూతురు గంటల తరబడి పీట మీద కూర్చునే ఉంటుంది. అంచు మరీ వెడల్పై, జరీ మరీ దట్టంగా ఉంటే కుచ్చిళ్లు ఒళ్లో ముద్దగా పైకి లేస్తాయి, కాళ్లు మడవడం కష్టమవుతుంది, ఫొటోల్లో పొట్ట దగ్గర ఉబ్బుగా కనిపిస్తుంది. కాబట్టి చీరను కుచ్చిళ్లు పెట్టించుకుని, అక్కడి పరుపు మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుని చూడండి. అడగడానికి మొహమాటం వద్దు.

హోమం ముందు కూర్చునేవారు నైలాన్ నెట్టు, పాలియెస్టర్ మేలిముసుగులు వాడకపోవడం మంచిది. నిప్పురవ్వ పడితే సింథటిక్ బట్ట కరిగి చర్మానికి అంటుకుంటుంది.

మధుపర్కాలు తప్పనిసరా? ఎలాంటివి తీసుకోవాలి?

ఇది ఇంటి ఆచారాన్ని బట్టి ఉంటుంది. చాలా ఇళ్లలో వధూవరులిద్దరూ తెల్లని లేదా మీగడ రంగు బట్టకు ఎరుపో ఆకుపచ్చో అంచున్న మధుపర్కాలు కడతారు. ఏ ఘట్టంలో మార్చుకోవాలో పురోహితుణ్ణీ ఇంటి పెద్దలనూ ముందే అడిగి పెట్టుకోండి. మండపంలో చివరి నిమిషంలో తెలిస్తే కంగారు.

నూలు మధుపర్కాలకే నా ఓటు. పలుచని తెల్ల నేత కాబట్టి లోపలి లంగా తెల్లగా గానీ చర్మపు రంగులో గానీ ఉండాలి. రంగు లంగా వేస్తే ఫ్లాష్ వెలుగులో బయటపడుతుంది. తలంబ్రాల పసుపు అంటుతుందనే భయం కూడా అక్కర్లేదు. నూలు మీది పసుపు మరకకు సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, దానికి బెదరకండి. శుభ్రంగా జాడించి ఎండలో ఆరవేస్తే వెలిసిపోతుంది. పట్టు మీద మాత్రం ఈ పని చేయకూడదు, దాన్ని నేరుగా డ్రైక్లీనింగ్‌కు ఇవ్వాలి.

పెళ్లయ్యాక మధుపర్కాలను మూట కట్టి అటక మీద పెట్టకండి. నోములకు, వ్రతాలకు, ఎండాకాలపు సాయంత్రాలకు అంత హాయినిచ్చే చీర మరొకటి లేదు.

గద్వాల, పోచంపల్లి, ఉప్పాడ, ధర్మవరం: వీటిలో దేన్ని ఎలా గుర్తుపట్టాలి? ఏది ఎప్పుడు కట్టాలి?

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. దీనికి నిదానంగా జవాబు చెప్పాలి.

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. పూర్తి పట్టువీ నేస్తారు గానీ ఆ ఊరికి పేరు తెచ్చింది ఈ కలయికే. ఒంటికీ అంచుకూ వేర్వేరు నాడెలు, అంటే పేకను (అడ్డదారాన్ని) అటూ ఇటూ నడిపే పనిముట్లు, వాడతారు. ఒంటి పేక, అంచు పేక కలిసే చోట ఒకదానిలో ఒకటి మెలిక పడతాయి. దాన్ని కుప్పడం అంటారు. చీరను వెలుతురుకు పట్టి, అంచు మొదలయ్యే గీత మీద బొటనవేలితో రాయండి. ఆ గీత వెంట సన్నని గట్టుతనం తగులుతుంది. అంచు రంగు ఒంట్లోకి గానీ, ఒంటి రంగు అంచులోకి గానీ చొరబడదు. అందుకే గద్వాల అంచు రంగు అంత చిక్కగా కనిపిస్తుంది. ఒంటికి నూలు హాయి, చూపుకు పట్టు నిండుతనం రెండూ ఉంటాయి కనుక ఎండాకాలపు పెళ్లిలో అమ్మలకు, అత్తలకు, పిన్నులకు ఇంతకన్నా మంచి ఎంపిక నాకు తట్టదు.

పోచంపల్లిలో దారానికే ముందుగా ముడులు వేసి రంగులద్దుతారు, ఆ తర్వాతే నేత. అందువల్ల డిజైను అంచులు కత్తితో కోసినట్టు ఉండవు, రంగులు ఒకదానిలోకి ఒకటి కొద్దిగా ఒలికినట్టు కనిపిస్తాయి. ఆ చెదురే దాని సంతకం. చీర తిరగేస్తే వెనక కూడా అదే డిజైను, అదే రంగు. అచ్చు వేసిన నకలైతే వెనకవైపు వెలవెలబోతుంది. ఇలా ముందే రంగులద్దిన దారంతో నేసే నేతనే ఇకత్ అంటారు. పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు నేతకే చెందుతుందనే చట్టపరమైన గుర్తింపు, ఉంది. 

ఈ నేతలో మగ్గం మీదికి వెళ్లకముందే ఆసు పోయడం అనే పని ఉంది. మేకుల చుట్టూ దారాన్ని చేత్తో వేల సార్లు తిప్పాలి. ఇంటి ఆడవాళ్ల భుజాలు దీంతో అరిగిపోయేవి. నేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం, తన తల్లి పడే ఈ బాధ చూసి యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. అదే లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇకత్ చీర ధర విని వెనక్కి తగ్గేవారికి నేను ముందుగా ఈ సంగతి చెబుతాను.

ఇకత్ డిజైను బలంగా ఉంటుంది కాబట్టి సంగీత్‌కు, ఆఫీసు వేడుకకు, రిసెప్షన్‌లో అతిథిగా వెళ్లడానికి బాగుంటుంది. దాని మీద నగలు తగ్గించాలి.

ఉప్పాడ జాందానీ పట్టు చేతిలోకి తీసుకోగానే బరువు తెలియదు. బుటాలను నేసేటప్పుడే ఒక్కొక్కటిగా చేత్తో చేర్చుతారు కాబట్టి వెనకవైపు వేలాడే దారాలు గానీ, కత్తిరించిన కొసలు గానీ ఉండవు. ముందూ వెనకా దాదాపు ఒకేలా ఉంటుంది. ఎక్కువసేపు నిలబడాల్సిన, అటూ ఇటూ తిరగాల్సిన వాళ్లకు, అంటే ఆడపడుచులకు, తోడి పెళ్లికూతుళ్లకు ఇది నప్పుతుంది.

ధర్మవరం పట్టు నిండైన పెళ్లి చీర. వెడల్పాటి జరీ అంచు, పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక ఒక రంగు కావడం వల్ల కదిలినప్పుడల్లా మారే ఛాయ దీని ప్రత్యేకత. కంచి పట్టే కావాలని పట్టుబట్టేవారు ఒకసారి ధర్మవరం కూడా చూసి నిర్ణయించుకోండి. పీటల మీదికి ఇది ఏమాత్రం తీసిపోదు.

పట్టు అసలుదో కాదో, జరీ అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

ముందు గుర్తుల సంగతి. సిల్క్ మార్క్ చీటీ 2004 నుంచి ఉంది. కేంద్ర పట్టు మండలి చొరవతో వచ్చింది. అది పట్టు స్వచ్ఛమని చెబుతుంది, చేనేత అని చెప్పదు. మరమగ్గం మీద నేసిన స్వచ్ఛమైన పట్టుకూ సిల్క్ మార్క్ ఉండవచ్చు. చేనేత అనడానికి హ్యాండ్‌లూమ్ మార్క్ వేరే ఉంది, అది 2006లో మొదలైంది. రెండూ కావాలనుకుంటే రెండు చీటీలూ అడగాలి. ఈ తేడా తెలియక చేనేత ధర పెట్టి మరమగ్గం చీర తెచ్చుకునేవారు చాలామంది.

చీటీ లేకపోతే కొంగు చివర నుంచి రెండు దారాలు లాగి, వాకిట్లో జాగ్రత్తగా కాల్చి చూడండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలియెస్టర్ అయితే కరిగి గట్టి పూసలా మారుతుంది. నూలు కాగితంలా కాలుతుంది. అంచులో, ఒంట్లో, కొంగులో మూడు చోట్లా చూడాలి. ఒంట్లో మాత్రమే పట్టు ఉండి మిగతాది కల్తీ కావచ్చు.

అసలు జరీలో పట్టు దారం చుట్టూ వెండి తీగ చుట్టి బంగారు పూత పూస్తారు. జరీ పోగును గోటితో గీకితే సాధారణంగా లోపలి నుంచి ఎర్రని పట్టు దారం కనబడుతుంది. రాగి తీగతో చేసే టెస్టెడ్ జరీ చవక, కొంత కాలానికి నల్లబడుతుంది. ప్లాస్టిక్ జరీ మరీ మెరుస్తుంది, ఒంటికి గుచ్చుకుంటుంది. టెస్టెడ్ జరీ కొనడం తప్పేమీ కాదు. అసలు జరీ ధర పెట్టి దాన్ని కొనడమే నష్టం. బిల్లు మీద "స్వచ్ఛమైన పట్టు, టెస్టెడ్ జరీ" అని రాయించుకోండి. నిజాయితీగల వ్యాపారి అభ్యంతరం చెప్పరు.

జాకెట్టుకు మగ్గం వర్క్ ఎంత ఉండాలి?

ఇప్పుడు వేస్తున్నదాంట్లో సగం చాలు. కట్టుకున్నాక జాకెట్టులో బయటికి కనిపించేది చేతులు, వీపు, కుడివైపు మెడ అంచు మాత్రమే. ఎడమ ఛాతీ భాగమంతా పమిట కింద ఉంటుంది. అక్కడ కుట్టిన పూసలు ఎవరికీ కనబడకపోగా పమిట జరీని లోపలి నుంచి గీరి పోగులు లేపుతాయి. పనివారికి ఆ భాగం ఖాళీగా వదలమని ముందే చెప్పండి. ఖర్చు కూడా తగ్గుతుంది.

చీర అంచు భారీగా ఉంటే జాకెట్టు సాదాగా, చీర సాదాగా ఉంటే జాకెట్టు పనితనంతో ఉండాలి. రెండూ పోటీ పడితే చూపు ఎక్కడా నిలవదు.

కుట్టించేటప్పుడు పక్కల లోపల అంగుళంన్నర గుడ్డ వదిలించుకోండి. తర్వాత ఒళ్లు వచ్చినా విప్పి వదులు చేసుకోవచ్చు. లైనింగ్ గుడ్డను, ఫాల్‌ను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేశాకే కుట్టించాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే ఫాల్ కుంచించుకుపోయి చీర అంచు ముడుచుకుంటుంది.

నగలు ఎలా జతచేయాలి?

పెళ్లికూతురికి కాసులపేరు, వడ్డాణం, వంకీలు, పాపిటబిళ్ల, జడకు పూలు అన్నీ అందమే, అది ఆమె రోజు. అతిథులు మాత్రం ఒక్క చోటు ఎంచుకోవాలి. మెడ నిండుగా ఉంటే చెవులకు చిన్న దుద్దులు, బుట్టకమ్మలు పెద్దవైతే మెడలో సన్నని గొలుసు. జరీ తక్కువ ఉన్న ముదురు రంగు పట్టు మీద గుత్తపూసల హారం ముత్యాలు విడివిడిగా కనబడతాయి. అదే హారం దట్టమైన జరీ మీద కలిసిపోతుంది. ఇకత్‌కూ కలంకారీకీ బంగారం కన్నా వెండి బాగా నప్పుతుంది.

వడ్డాణం పెట్టుకునేవారు దాన్ని చీర కట్టాక, భోజనానికి ముందు ఒక గంట పెట్టుకుని చూడండి. బిగుతైతే ఇంట్లోనే తెలుస్తుంది.

కుచ్చిళ్లు నిలబడటం లేదు, పమిట జారిపోతోంది. ఏం చేయాలి?

తప్పు సాధారణంగా చీరలో ఉండదు, లంగాలో ఉంటుంది. శాటిన్ లంగా మీద పట్టు జారుతుంది. నూలు లంగా, గట్టి నాడా వాడండి. చెప్పులు వేసుకున్నాకే చీర కట్టడం మొదలుపెట్టాలి, లేకపోతే పొడవు తప్పుతుంది. కొత్త పట్టు బిరుసుగా ఉంటే ముందు రోజే కుచ్చిళ్లు, పమిట మడతలు పెట్టి తేలికగా ఇస్త్రీ చేసి ఉంచితే మరునాడు కట్టడం పది నిమిషాల పని.

పిన్నీసును నేరుగా పట్టులోకి గుచ్చి లాగితే పోగు తెగుతుంది. పిన్నీసు మీద చిన్న పూస ఎక్కించి, లేదా వెనక చిన్న గుడ్డముక్క పెట్టి గుచ్చండి. భుజం దగ్గర ఒకటి, కుచ్చిళ్లకు ఒకటి చాలు. ఇంకా ఎక్కువ పెడితే కదలిక బిగుసుకుపోతుంది.

పొట్టిగా ఉన్నవారు పెద్ద అంచు కట్టకూడదా?

కట్టవచ్చు. ఒళ్లు, అంచు దగ్గరి రంగుల్లో ఉంటే పొడవు తగ్గినట్టు కనిపించదు. రెండూ పూర్తిగా భిన్నమైన రంగులైతే చూపు అడ్డంగా తెగుతుంది. లావుగా ఉన్నవారికి బిరుసైన ఆర్గంజా కన్నా ఒంటికి అంటి జారే ఉప్పాడ, వెంకటగిరి మేలు. ఇంతకు మించిన నియమాలేవీ నేను నమ్మను. నచ్చిన రంగు కట్టుకున్నవారి ముఖంలో వచ్చే వెలుగు ఈ లెక్కలన్నిటికన్నా పెద్దది.

పెళ్లికొడుకు, మగవారు ఏం వేసుకోవాలి?

ముహూర్తానికి పట్టు పంచె, కండువా. గోచి పెట్టి కట్టడానికి ఎనిమిది మూరల పంచె, అంటే దాదాపు నాలుగు గజాలు కావాలి. అంతకన్నా పొట్టిది కొంటే గోచి నిలవదు. అలవాటు లేనివారు వెల్‌క్రో పంచెలు కొంటున్నారు, ఫొటోకు సరే. కానీ రెండు సాయంత్రాలు తాతగారి దగ్గరో బాబాయి దగ్గరో నేర్చుకుంటే జీవితాంతం పనికొస్తుంది. బొడ్డు దగ్గర మడత గట్టిగా దోపి, సన్నని బెల్టు లోపల పెట్టుకుంటే పీట మీద నుంచి లేచేటప్పుడు భయం ఉండదు.

రిసెప్షన్‌కు షేర్వాణీ అలవాటైపోయింది. మే నెలలో దాని బదులు మంగళగిరి బట్టతో కుట్టించిన లాల్చీ, పంచె వేసుకుంటే మనిషి చివరి దాకా నవ్వుతూ నిలబడగలడు. అతిథులకైతే పొందూరు ఖాదీ చొక్కా. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసి చేత్తో వడుకుతారు. ఆ మెత్తదనం మిల్లు బట్టలో రాదు.

రోజూ ఆఫీసుకు చీర కట్టడం సాధ్యమేనా?

సాధ్యమే. బట్ట సరిగ్గా ఎంచుకోవాలి. మంగళగిరి చీర ఒళ్లు సాదాగా, అంచు సన్నని జరీతో ఉంటుంది, గుంట మగ్గం మీద బిగువుగా నేస్తారు కాబట్టి ఏళ్ల తరబడి ఆగుతుంది. వెంకటగిరి అంతకన్నా సన్నని నూలు, ఎండకు అమృతం. నారాయణపేట గళ్ల చీర మాసినా త్వరగా తెలియదు, బస్సు ప్రయాణం ఉన్నవారికి మంచిది. ఐదారు చీరలకు నాలుగు జాకెట్లు చాలు: నలుపు, మీగడ రంగు, ముదురు ఎరుపు, ఒక ఇకత్. వీటితో దాదాపు అన్నీ జత కుదురుతాయి.

గంజి పలుచగా పెట్టండి. చిక్కగా పెడితే మడతల దగ్గర నూలు విరుగుతుంది. చీర వద్దనుకుంటే అదే మంగళగిరి బట్టతో కుర్తా, దాని మీద ఇకత్ చున్నీ వేసుకోవచ్చు. ఆడపిల్లలకు పరికిణీ కుట్టించినా బాగుంటుంది.

అమ్మ పాత పట్టుచీర ఉంది. కట్టనా, కత్తిరించనా?

మడతల దగ్గర మెల్లగా రెండు వైపులకూ లాగి చూడండి. పోగులు విడిపోకపోతే కట్టండి. కొత్త జాకెట్టు ఒక్కటి మార్చినా చీర తీరు మారిపోతుంది. చిరుగులు కొంగు వరకే ఉంటే రఫూ పనివారికి ఇవ్వండి. ఒళ్లంతా చివికి, అంచు మాత్రం గట్టిగా ఉంటే అప్పుడు కత్తెర పట్టవచ్చు. ఆ అంచు కొత్త సాదా పట్టుకు వేయించుకోవచ్చు, కొంగుతో జాకెట్టు కుట్టించవచ్చు. బాగున్న చీరను గౌనుగా మార్చడం మాత్రం నాకు మనసొప్పదు. ఐదున్నర మీటర్ల చీర ఎవరి కొలతకైనా సరిపోతుంది, కుట్టిన గౌను ఒక్కరికే.

కలంకారీ పేరుతో అమ్మేవన్నీ కలంకారీయేనా?

కాదు. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో చేత్తో గీస్తారు, మచిలీపట్నం దగ్గరి పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది యంత్రంతో ముద్రించిన నకలు. ప్రతి ఆకూ, ప్రతి కన్నూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అది చేతి గీత కాదు.

విదేశాల్లో ఉన్నవారు పెళ్లికి ఏం తీసుకెళ్లాలి?

సామాను బరువు చూసుకోవాలి కాబట్టి ఉప్పాడ, పట్టు ఇకత్ మేలు. చలి దేశాల్లో లోపల పలుచని ఉన్ని దుస్తులు వేసుకుని పొడుగు చేతుల జాకెట్టు కుట్టించుకోండి. పైన కోటు వేసి చీర దాచాల్సిన పని ఉండదు. ఫాల్, జాకెట్టు ఇక్కడే పూర్తి చేయించుకుని వెళ్లాలి, అక్కడ కుట్టుపని దొరకడం కష్టం, దొరికినా ఖరీదు.

ఎప్పుడు కొంటే మంచిది?

ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి దుకాణాలు తగ్గింపులు పెడతాయి, రోజువారీ చీరలకు అది అదను. పెళ్లి చీరను నేతగాళ్ల దగ్గర చెప్పి నేయించుకోవాలంటే కొన్ని నెలలు ముందే మాట్లాడాలి. ముడులు, రంగులు, ఆసు, నేత దేనికీ తొందర పనికిరాదు.

పట్టుచీర ఎలా దాచాలి?

కట్టి విప్పిన వెంటనే మడవకండి. చెమట ఆరేదాకా నీడలో, గాలికి వేయండి. ఉతికిన పాత తెల్ల నూలు గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టండి, ప్లాస్టిక్ సంచిలో వద్దు, తేమ పట్టి జరీ నల్లబడుతుంది. కలరా ఉండలు జరీకి తగలకూడదు. ఎండిన వేపాకు, లవంగాలు చిన్న గుడ్డ మూటలో కట్టి మూలన పెడితే చాలు. మూడు నాలుగు నెలలకోసారి తీసి, పాత మడత మీద కాకుండా కొత్త మడత పెట్టండి. ఇనుప హ్యాంగర్‌కు తగిలిస్తే తుప్పు మరక పడుతుంది.

ఇలా మడత మార్చే రోజునే ఒక చీర తీసి పక్కన పెట్టుకుని, ఆ వారంలో గుడికో భోజనానికో కట్టుకోండి. పట్టు బీరువాలో ఏళ్లు గడిపితే మడతల దగ్గర చివికిపోతుంది. కట్టుకుంటూ గాలి తగలనిస్తేనే ఎక్కువ కాలం ఉంటుంది.